నీళ్లు పడని బోర్లు, నార్సింగిలో చల్లటి తరగతి గది

"నేను తుడిచే ఆఫీసుల చలి పెడ్తది మేడం, నా బిడ్డ మీ రేకుల కింద ఉడికిపోతున్నది" అంది మా బడిలో చదివే శ్రావణి వాళ్లమ్మ. ఆమె హైటెక్ సిటీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. జీడిమెట్లలో నేను నడిపే చిన్న బడికి పై అంతస్తంతా రేకులే. పోయిన ఏప్రిల్‌లో, ఒంటిపూట బడిలోనే, శ్రావణి కళ్లు తిరిగి పడిపోయింది. నేల చలువతో గదులను చల్లబరిచే బడి ఒకటి నార్సింగిలో ఉందని విని, జూన్‌లో బడులు తెరవగానే చూడ్డానికి బయల్దేరాను.

ఎనిమిదింటికి షేర్ ఆటోలో మూసాపేట చేరి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగాను. టికెట్టు యాభై రూపాయల లోపే. అక్కడి నుంచి ఆటోకు బేరమాడితే రెండు వందల యాభై. "బడికి చల్లదనం ఎందుకు మేడం? పిల్లలు పండుకుంటరు" అని నవ్వాడు డ్రైవరు. "వాళ్ల సంగతేమో గానీ నాకైతే నిద్ర పట్టట్లేదు" అన్నాను.

పదింటికి అక్కడ యంత్రం చూసుకునే యాదగిరి లోపలికి తీసుకెళ్లాడు. తరగతి గది హాయిగా ఉంది. యంత్రం బీరువా అంత ఉంది.

"పైపులల్ల నీళ్లు తిరుగుతయి మేడం. గదుల వేడిని తీస్కపోయి కింద రాతికిచ్చి వస్తయి. చలికాలం ఉల్టా."

"పైపుల కోసం ఎన్ని బోర్లు వేయించారు?"

"కొత్తయి తక్కువనే. నీళ్లు పడని పాత బోర్లు నాలుగుండె. వాట్లనే పైపులు దించి, చుట్టూ సిమెంటు పోసిండ్రు."

మా ఆవరణలో అలాంటివి మూడుండేవి. పిల్లలు పడతారన్న భయంతో నేనే దగ్గరుండి కంకర పోయించి పూడ్పించాను. అక్కడే నిలబడి మా బోరు మేస్త్రీకి ఫోన్ చేశాను.

"కంకర పోసినంక ఇగ తియ్యరాదు మేడం. కొత్తయి కొట్టుడే."

"అయితే కొట్టు."

"బోరు కొట్టే లారీ ఎట్లొస్తది? గేటు కాడనే మీ ఆఫీసు రూము కట్టుకుంటిరి గద."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది నా పని. నా భయం తప్పు కాదు, తొందరే తప్పు. పూడ్చే ముందు ఎవరినైనా అడిగి ఉంటే రెండు గదులైనా చల్లబడేవి. మీ బడిలో నీళ్లు పడని బోరుంటే పూడ్చకండి. ఇనుప మూత వెల్డింగ్ చేయించి, బోరు లారీ వచ్చే దారి వదలండి. గేటు దగ్గరి నా ఆఫీసు గది పడగొట్టాలంటే దసరా సెలవుల దాకా ఆగాలి. శ్రావణి వాళ్లమ్మ ఆగలేదు, నిన్న టీసీ తీసుకెళ్లింది. ఆ టీసీ మీద సంతకం నేను అదే గదిలో ఏసీ వేసుకుని కూర్చునే పెట్టాను.