రెండో వైపు మేకులు

తొమ్మిదేళ్లుగా ఒక నవ్వు నాకు బరువుగా ఉంది. మా ఇంటికి ఎవరు భోజనానికి వచ్చినా మేరీ మా పెళ్ళి కథ చెబుతుంది. అందరూ పగలబడి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ కథలో నవ్వులపాలయ్యే మనిషి ఒకడున్నాడు. అతని తప్పేమీ లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మీతోనే అంటున్నాను.

డెబ్భై ఆరులో నాకు ఇరవై మూడేళ్లు. బెంగళూరులో ఒక ఆసుపత్రికి నర్సుల హాస్టల్ కడుతున్నాం. ఇంజనీరుగా పైకప్పు పని నాది. జేబులో ఎప్పుడూ ఒక జాబితా ఉండేది. అయిన పనికి టిక్కు పెట్టడం నాకు పండగ. కప్పు బాగా పొడుగు కనుక ఎండకు సాగడానికి మధ్యలో అంగుళం సందు వదిలాం. సందులోకి వాన దిగకుండా పైన రేకు మూత. అది కప్పు చివర అంచు రేకుతో కలుస్తుంది. రేకు పని మునెప్పది. పాత బెంగళూరు తెలుగువాడు, తాతల నాటి నుంచి అదే పని.

అతను మూతను ఒక వైపే బిగించాడు. నా జాబితాలో మాత్రం ‘గట్టిగా బిగించుట’ అని ఉంది.

“రెండో పక్కా మేకులు కొట్టు,” అన్నాను.

“వద్దప్పా. ఎండకు కప్పు సాగుతాది, చలికి ముడుసుకుంటాది. రెండు పక్కలా పట్టేస్తే రేకు చిరిగిపోతాది.”

“ఇంజనీరింగ్ చదివింది నువ్వా, నేనా?”

“మీరే సామీ. ఎండలో కూసుండేది నేను.” కూలీలు కిసుక్కుమన్నారు. “కొట్టమంటే కొడతా. వాన వస్తే మాత్రం నన్ను పిలవద్దండి, మీ పుస్తకం అడ్డం పెట్టుకోండి.”

ముప్పై రెండు మేకులు. పక్కన నిలబడి లెక్కపెట్టాను. టిక్కు పెట్టాను.

మరుసటి వానాకాలం అంచు దగ్గర రేకు చిరిగింది. పరుగెత్తుకుని వెళ్లాను. వరండాలో రెండు బకెట్లు, ఒక బేసిను, ఒక ఇడ్లీ గిన్నె, వాటి మధ్య ఇంట్లోనే గొడుగు వేసుకుని గుంటూరు నుంచి వచ్చిన నర్సు ఒకామె.

“రండి ఇంజనీరుగారూ! మీ కప్పు కారట్లేదండీ, వానని వడపోసి ఇస్తోంది!”

ఆమే మేరీ. ఆ రోజు నా జాబితా తడిసి ముద్దయింది, నేను గమనించనైనా లేదు.

అంతలో నా పై ఇంజనీరు, పెద్దసారు వచ్చారు. “ఎవరి పని ఇది?”

“మునెప్పదండి.”

అబద్ధం కాదు కదా? పని అతనిదే కదా? మేరీ పక్కన లేకపోతే నిజం చెప్పేవాడినా? చెప్పేవాడినని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. ఇప్పుడు నమ్మకం లేదు. మునెప్పను మళ్లీ మా పనులకు పిలవలేదు. కొత్తగా వచ్చిన రేకు పనివాడితో నెమ్మదిగా అన్నాను, ఒక వైపు వదిలెయ్యమని. తర్వాత ఒక్క చుక్క కారలేదు. మెచ్చుకోలు నాకు దక్కింది.

ఆ మరమ్మతుకు ఒకసారి వెళ్తే చాలు. ఏడుసార్లు వెళ్లాను. మరుసటి ఏడాది యలహంక చర్చిలో మా పెళ్ళి. ఆ సంతోషానికి ఎలా పశ్చాత్తాపపడగలను? ఈనాటికీ వాన పడితే మేరీ ఇంట్లో గొడుగు విప్పుతుంది. ఇద్దరం పిల్లల్లా నవ్వుకుంటాం.

పోయిన ఆదివారం చుట్టాల ముందు కథ మా పాప అందుకుంది. ఆరేళ్లది. చెంచాతో బల్ల మీద మేకులు కొడుతూ అభినయించింది. “మునెప్పకి పనే రాదు, అందుకే నేను పుట్టాను!” అంది. ఇల్లంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నేను పోయాక కూడా అది ఈ కథ చెబుతుంది.

మునెప్ప ఎక్కడున్నాడో వెతికానా? లేదు. క్షమించమని అడగడానికి మీరు మునెప్ప కారు. పాపకు ఎప్పుడు చెబుతానో తెలియదు. మీకైతే చెప్పేశాను. మునెప్పకు పని వచ్చు. రానిది నాకే.

హమ్మయ్య.