మంచి కంటికి పట్టీ

జూలూరుపాడు పక్కన ఉన్న ఆ తండాలో ద్వాలితో వాదానికి దిగి గెలిచిన మనిషి లేడు. మిరప తోటల్లో కూలికి పోతుంది. మేస్త్రీ ఒక్క మాట తూలితే తట్ట అక్కడే దింపి ఇంటికొచ్చేస్తుంది. నోరు పెద్దదని అందరూ అంటారు. నన్నడిగితే, ఆ నోరే లేకపోతే శిరీష ఎడమ కన్ను ఎప్పుడో పోయేది.

శిరీష ఆమె మనవరాలు, నాలుగేళ్ళది. కొడుకూ కోడలూ సారపాకలో పనికి పోయి పిల్లను ద్వాలి దగ్గరే ఉంచారు. పిల్లకు మెల్లకన్ను. అది అదృష్టమని తండా అంతా మురిసిపోయేది, తాత రూప్లా అందరికన్నా ఎక్కువ.

హోళీకి ముందు అంగన్‌వాడీలో కంటి పరీక్షలు పెట్టారు. పిల్లలకు ఒక్కో కన్ను మూసి బొమ్మలు చూపించారు. ఎడమ కన్ను మూస్తే శిరీష బొమ్మలన్నీ చెప్పింది. కుడి కన్ను మూయగానే ఏడుపు లంకించుకుంది. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. మెదడు ఆ మెల్లకన్నును పట్టించుకోవడం మానేస్తోంది, దాని చూపు తగ్గిపోతోంది. అద్దాలు పెట్టాలి, రోజూ కొన్ని గంటలు మంచి కంటికి పట్టీ వేయాలి. అప్పుడే రెండో కన్ను పని చేస్తుంది. పెద్దయ్యాక చూద్దామంటే చూపు రాదు.

"మంచి కన్ను మూసుడేంది? పిచ్చి లేసిందా నీకు?" అని రూప్లా మండిపడ్డాడు. ద్వాలి కూలికి పోయిన పూట పట్టీ పీకి మెల్లకంటికి అంటించాడు. తెలివి చూశారా! మర్నాటి నుంచి ద్వాలి పిల్లను వెంటబెట్టుకునే తోటకు పోయింది. పిల్ల గట్టు తట్టుకుని పడేది, ఏడ్చేది. ముసల్ది పిల్లను రాచి రంపాన పెడుతోందని ఆడవాళ్ళు అన్నారు.

"ఏడ్వనీ. రేపు కన్ను పోతే మీరిస్తరా?" అంది ద్వాలి.

వానలు పడ్డాయి. పక్కింటి గోప్యా కంది గింజలు పట్టుకొచ్చాడు.

"అక్కా, మొదటి గింజ పిల్లతోని ఏయించాలె. గా పట్టీ, అద్దాలు జర తియ్యి. మెల్లకన్ను కనబడాలె గదా."

రూప్లా పట్టీ మీద చెయ్యి వేశాడు. ద్వాలి ఆ చెయ్యి విసిరికొట్టింది.

"పట్టీతోనే ఏస్తది. లేకుంటె పో. మీ చేను పండాలని నా పిల్లను గుడ్డిదాన్ని జేస్తనా?"

గోప్యా గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. అందరూ చేలోకి నడిచారు. శిరీష వేసిన గింజ నాగటి సాలులో పడలేదు, పక్కన మట్టి పెళ్ళల్లో పడింది. గోప్యా మొహం మాడిపోయింది. తీద్దామని వంగాడు.

"ముట్టకు!" ద్వాలి అరిచింది. "దాని కన్నే ఎతుకుతది."

పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని మట్టి మీదికి వంగింది. ఒక రాయిని పట్టుకుని పారేసింది. ఇంకో రాయి. అందరూ చూస్తున్నారు. ఉన్నట్టుండి పిల్ల వేలు చాచింది.

"నానమ్మా, గదిగో!"

గింజే. తనే తీసి సాలులో వేసింది.

ద్వాలి కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు. అట్లాగే మొగుడి వైపు తిరిగింది.

"రేపు గూడ ఏస్త పట్టీ. ఎవడు తీస్తడో రమ్మను."