ఆఖరి రోజు అర నిమిషం

మా బావగారు లోకల్ రైలు గార్డు. మా శివారు స్టేషన్‌ జనమంతా నగరంలో పనులకు వెళ్లేది ఆయన ఏడూ నలభై బండిలోనే. రోజూ ఒక నర్సు ఆఖరి క్షణంలో మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేది. ఆమె ఎక్కేదాకా ఆయన పచ్చజెండాను తాపీగా విప్పేవారు.

"రైలేమన్నా నీ మేనమామదా అమ్మా?" అని కసిరితే, "మీరుండగా వేరే మేనమామ ఎందుకండీ!" అనేది.

రిటైరయ్యే రోజు బండిని క్షణం కూడా ఆపనని ఇంట్లో గొప్పగా చెప్పి వెళ్లారు. తీరా టైమయ్యేసరికి మెట్ల మీద ఆమె లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. అయినా జెండా ఊపడానికి ఆయనకు చేతులు రాలేదు.

అర నిమిషం గడిచాక పక్క పెట్టె కిటికీలోంచి ఆమె కేకేసింది. "మామయ్యగారూ, ఇవాళైనా మీకు ఆలస్యం కాకూడదని ముందే వచ్చి కూర్చున్నానండీ. ఇంకా ఎవరికోసం?"

ఈ సంగతి చెప్పినప్పుడల్లా బావగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతారు.