చలి రాకముందే పూసిన అనప

శ్రావణం దాటకముందే మా పెరట్లో అనప తీగ పూసింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి సంబరపడింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మా అమ్మ దాచిన అనప అట్లా పూసే రకం కాదు. ఎంత ఎరువు వేసినా చలి పడితే గాని మొగ్గ తొడగదు. కాయ ఒలిస్తే చేతికి జిడ్డు, సబ్బుతో కడిగినా పోని ఘాటు వాసన. నిరుడు అమ్మ పోయాక ఆమె డబ్బాలో మిగిలిన గింజలు నాకు దక్కాయి. మూతపడిన బంగారు గనుల పక్క కోరమండల్‌లో మాది గని కార్మికుల పాత లైను ఇల్లు, పెరడు చాపంత. ఇక్కడ ఏదైనా అయితే విత్తనమే పోతుందని భయపడి, సగం గింజలు రోజూ పనికి పోయే రైల్లో నా పక్కన కూర్చునే అక్కకిచ్చాను. మారికుప్పం రైలు ఆడవాళ్ల పెట్టెలో విత్తనాలు చేతులు మారడం మామూలే. ఆమె బంగారుపేటలో ఎక్కుతుంది, వాళ్లకు రాగి చేను ఉంది, అందులో అనప సాళ్లూ వేస్తారు. బదులుగా బీర గింజలిచ్చింది.

అనుకున్నంతా అయింది. నా సగం వాన నీళ్లకు కుళ్లిపోయింది. ఈ ఏడు అక్కను అడిగితే పొట్లం తెచ్చిచ్చింది, అవే నాటాను.

కాయలు ముదిరాక ఒలిచి చూశాను. జిడ్డు లేదు, వాసన లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని! మిగిలిన కాయలు సంచిలో వేసుకుని రైలెక్కాను.

"అక్కా, ఇవి యాడివి?"

"నువ్విచ్చినవే గదమ్మా."

"వాసన చూసి చెప్పు."

ఆమె సంచి ముట్టలేదు. అనపలు పండించే మనిషికి వాసన చూడాల్సిన పనేముంది!

"మావాళ్లు పచ్చికాయలన్నీ కోసి మార్కెట్టుకేసినారమ్మా. విత్తనానికి ఒక్కటీ నిలపలేదు. ఇంగ నీకెట్లా చెప్పేది? ఏడుస్తావని అంగట్లో కొనుక్కొచ్చినా."

"ఏడిస్తే నేను ఏడుస్తాను, నీదేం పోయింది?" అరిచాను. పెట్టెలో అందరూ తిరిగి చూశారు. చూడనీ! "రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తా, 'లేచినావా అమ్మా' అని ఆ తీగను పలకరించినానక్కా. అంగట్లో గింజను నాచేత అమ్మా అని పిలిపించినావు గదా!"

ఆమె ముఖం పాలిపోయింది. "ఇట్లా తే, కిటికీలోంచి పారేస్తా," అని సంచి అందుకోబోయింది.

చెయ్యి తోసేశాను. సంచి ఒళ్లోకి లాక్కున్నాను. మరునాడు ఆ గింజలనే నానబెట్టి, తొక్క పితికి, పితికిపప్పు చేసి, ఆమెను తిట్టుకుంటూ, ఒక్కటి వదలకుండా తిన్నాను.