ఫోనెత్తే మనిషి

మొన్న పొద్దున్న బాల్కనీ తలుపు తీస్తే ఎదుటి మేడ లేదు. షార్జాలో చలికాలపు పొద్దులు కొన్ని ఇంతే. ఎడారి మీంచి మంచు లేచి వచ్చి మేడల్నీ మినార్లనీ మింగేసి, పదయ్యేసరికి ఏమీ ఎరగనట్టు వదిలేస్తుంది. మా ఆయన కారు తియ్యలేనని విసుక్కుంటాడు. నాకు మాత్రం వదిన గుర్తొస్తుంది.

వదినంటే మా అన్న భార్య కాదు, మెక్సికో మనిషి. నేను పనిచేసిన చిన్న కాలేజీలో పిల్లల బాగోగులు చూసే విభాగానికి పెద్ద. అంతకుముందు అమెరికాలో చాలా ఏళ్ళు, తనలాంటి లాటినో కుటుంబాల పిల్లలు కాలేజీ గడప తొక్కాక మధ్యలో జారిపోకుండా చూసే ఉద్యోగం చేసి, భర్త పనిమీద ఇటొచ్చింది. మా చిన్నాడి బాప్తిస్మానికి పిలిస్తే వాణ్ణి ఎత్తుకుని, "ఇవాళ్టి నుంచి మనిద్దరం కొమాద్రెలం" అంది. బిడ్డకి జ్ఞానతల్లి అయినావిడ బిడ్డ తల్లికి అలా చుట్టమవుతుందట. దీన్ని తెలుగులో వియ్యపురాలనాలా వదిననాలా అని కాకినాడలో ఉన్న మా అమ్మతో ఫోన్లో పెద్ద చర్చే జరిగి, చివరికి వదిన ఖాయమైంది. ఆవిడకి నోరు తిరక్క "బదీనా" అని తనే నన్ను పిలిచేది.

మనవాళ్ళకి దుబాయ్‌లో ఏం లోటు, జిల్లాకో సంఘం ఉంది. మలయాళీలకైతే వీధికొకటి. వదిన చూసుకునే లాటినో పిల్లలకి మాత్రం ఎవరూ లేరు. చమురు కంపెనీల్లో వెనెజువేలా ఇంజనీర్ల పిల్లలు, అబుదాబి బళ్ళలో కుస్తీ నేర్పే బ్రెజిల్ మాస్టర్ల పిల్లలు, అక్కడొకరు ఇక్కడొకరు. వాళ్ళందరిదీ ఒకే భాష అనుకునేదాన్ని నేను. వెనెజువేలా వాళ్ళ స్పానిష్‌కీ బ్రెజిల్ వాళ్ళ పోర్చుగీసుకీ మన తెలుగుకీ కన్నడానికీ ఉన్నంత దూరం ఉందని వదినే చెప్పింది. "సంఘం పెట్టడానికి మాకు జనం లేరు బదీనా. ప్రతి కాలేజీలోనూ మనం చేస్తే ఫోనెత్తే మనిషి ఒక్కరుంటే చాలు" అనేది. ఆ ఒక్కరి కోసం ఏ సమావేశానికెళ్ళినా కాఫీ కప్పు పట్టుకుని మనిషి మనిషి దగ్గరా ఆగి మాట తీసుకునేది. నేను పక్కన నిలబడి సమోసాల సంగతి చూసుకునేదాన్ని.

కరోనా వచ్చిన వేసవిలో వదిన ఆసుపత్రికెళ్ళి తిరిగి రాలేదు. మట్టిలో పెట్టడం కూడా ఫోన్లోనే చూశాం. ఆ చలికాలానికే మా ముదీర్, అంటే కాలేజీ పెద్దాయన, "ఖలాస్, మూసేస్తున్నారు" అన్నాడు. పిల్లల్ని వేరే కాలేజీల్లో సర్దేదాకా నన్ను ఉండమన్నారు. ఖాళీ వరండాలో నడుస్తుంటే నా ముందు దీపాలు వాటంతటవే వెలిగేవి, వెనక ఆరిపోయేవి. కొన్నిసార్లు నేను కుర్చీలోంచి కదలకపోయినా వదిన గది వైపు వెలిగేవి. పిల్లులేమో అనుకునేదాన్ని.

అందరూ సర్దుకున్నాక ఒక బ్రెజిల్ పిల్ల మిగిలింది. వదిన పోయాక చేరిన పిల్ల, ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు. కుస్తీ మాస్టరైన తండ్రి పని పోయి దేశం వెళ్ళిపోయాడు. ఈ పిల్ల కాలేజీ వీసా మీద ఉంది. కాలేజీ మూతపడితే వీసా పోతుంది, వీసా పోతే చదువూ పోతుంది. నేను ఫోన్ చెయ్యని కాలేజీ లేదు, ఎత్తిన నాథుడు లేడు. ఓ రోజు ఆ పిల్లే నవ్వుకుంటూ వచ్చింది.

"మేడమ్ ఫోన్ చేశారు. రేపు పొద్దున్న రస్ అల్ ఖైమా కాలేజీకి రమ్మన్నారు, మిమ్మల్నీ తీసుకురమ్మన్నారు."

"ఏ మేడమ్?"

"పేరు చెప్పలేదు. సగం స్పానిష్. నన్ను 'మీహా' అన్నారు."

మీహా అంటే మన 'అమ్మలూ' లాంటి పిలుపు. వదిన పిల్లలందర్నీ అలాగే పిలిచేది. వదిన స్నేహితురాలెవరో చేసుంటుందిలే అనుకుని, మర్నాడు ఆ పిల్లని ఎక్కించుకుని బయల్దేరాను. ఊరి చివర సజ్జా దాటేసరికి మంచు కమ్మేసింది. పక్కన కూలీల బస్సు వెళ్తుంటే బస్సు కనిపించలేదు, కిటికీలకి ఆనించుకున్న తలలు మాత్రం వరసగా తేలుతూ పోయాయి. నేను ప్రార్థన చేసుకుంటూ నడిపాను.

బాగా ఆలస్యంగా చేరాం. అక్కడి అడ్మిషన్ల అధికారి, ఈజిప్టు పెద్దమనిషి, గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "ఆలస్యమవుతుందని నిన్ననే చెప్పింది మీ మేడమ్. దారిలో మంచుంటుంది, వెనక్కి పంపొద్దు అంది."

"ఎవరు చెప్పారు?"

"మెక్సికో మేడమ్. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తుతానని ఒకసారి మాటిచ్చాను. గొంతు కొంచెం బొంగురుపోయింది, జలుబా?"

ముందురోజు ఎండ ఫెళ్ళున కాసింది. మంచన్న మాటే లేదు. నేను అవునన్నట్టు తలూపాను. "యల్లా, రా అమ్మా" అని పిల్లని లోపలికి తీసుకెళ్ళి, ఆ పూటే సీటిచ్చాడు. ఆ పిల్ల ఏడుస్తూ తండ్రికి ఫోన్ చేసుకుంటుంటే, నేనాయన్ని పక్కకి పిలిచి, వేసవిలో జరిగింది చెప్పాను. ఆయన మెల్లగా అన్నాడు, "మరి నేను మాటిచ్చాను కదా సిస్టర్. ఎత్తాను."

ఆ పిల్ల పట్టా పుచ్చుకుంది, ఇప్పుడు అబుదాబిలో ఉద్యోగం. నేను వేరే కాలేజీలో చేరి, వదిన పని నా నెత్తిన వేసుకున్నాను. కాఫీ కప్పు పట్టుకుని మనిషి మనిషి దగ్గరా ఆగడం నాకూ అలవాటైంది. పెరూ పిల్లలు, కొలంబియా పిల్లలు, కూలీలుండే సోనాపూర్‌లో మేస్త్రీగా చేసే మన నిజామాబాద్ ఆయన కూతురు, ఎవరు చిక్కులో పడినా ఎక్కడో ఒకచోట ఫోనెత్తే మనిషి ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం మా ఆయనకి కూడా చెప్పలేదు. అప్పుడప్పుడూ వదిన పోయాక పుట్టిన కాలేజీకి, మా ఇద్దరి మొహం ఎరగని మనిషికి, మొదటిసారి ఫోన్ చేస్తాను. సంగతి చెప్పబోతుంటే అవతలివాళ్ళు ఆపేస్తారు. "నిన్న మీ మేడమ్ చెప్పారు కదండీ, పిల్లని పంపండి." మొదట్లో ఎవరా మేడమ్ అని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఇప్పుడు థాంక్సండీ అని పెట్టేస్తున్నాను. పోయినవాళ్ళకి కాలం అక్కడితో ఆగిపోతుందంటారు గానీ, ఆవిడ మాత్రం ఎప్పుడూ నాకంటే ఒక రోజు ముందే ఉంటోంది.