కొబ్బరినీళ్లు తాగిన ఇంజను

మొన్న మా కోడలు పచ్చడి రుబ్బుతుంటే మిక్సీలోంచి వాసన వచ్చింది. తీగ కాలిన వాసన కాదు. మోటారు లోపల రాసుకుంటూ ఉండే బొగ్గుముక్క అరిగిపోయి నిప్పురవ్వలు కొట్టే వాసన. "పాతదైంది అత్తమ్మా, కొత్తది తీసుకుందాం" అంది. "మాటలాపి స్క్రూడ్రైవర్ తే" అన్నాను. మిక్సీని బోర్లించి అడుగు మూత విప్పుతుంటే ఆ వాసన వెంటే జులేఖా ఆపా దుకాణమంతా వచ్చి నా ముందు కూర్చుంది.

గోదావరిఖనిలో ఆమె దుకాణం ఎంత చిన్నదంటే లోపల కూర్చున్న మనిషి కాళ్లు చాపితే ఎదుటి గోడకు తగిలేవి. ఆమె భర్త రేడియోలు, గడియారాలు బాగు చేసేవాడు. ఆయన పోయాక ఇక తాళం పడినట్టే అనుకున్నారందరూ. ఆపా మాత్రం ఆయన కూర్చునే స్టూలు తనకు ఎత్తయిందని దాని కాళ్లు కోయించి, దాని మీద తాను కూర్చుంది. మా ఆయన బొగ్గుబాయిలో పని చేసే రోజుల్లో మా టేప్‌రికార్డర్ పాడైతే ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. బాగు చేసి ఇచ్చాక నేను మూత తెరిపించి లోపలంతా వెతికి చూశాను.

"ఏం దేవులాడుతున్నవ్?" అంది ఆపా.

"నా సామాను నాకే వచ్చిందా లేదా అని."

మరొకరైతే తిట్టేవారు. ఆపా నవ్వి, లోపలి నుంచి తీసేసిన పాత బెల్టును నా చేతిలో పెట్టింది. "తీసింది గిరాకీ చేతిల పెట్టుడు మా దుకాణం రివాజు. గింత అనుమానం ఉన్నదానివి రిపేరు పనికి మంచిగ పనికొస్తవ్. రేపటి సంది రారాదు?"

మూడో తరగతితో బడి మానేసిన దానిని. పిల్లలు బడికి పోయాక ఇంట్లో ఊరికే కూర్చునే గుణం నాకు లేదు. వెళ్లాను. తెలంగాణ వచ్చేవరకూ, ఆ తర్వాత ఆమె కళ్లు మసకబారేవరకూ అక్కడే పని చేశాను.

తెలంగాణ కోసం గనులన్నీ ఆగిపోయిన సమ్మె కాలంలో దసరా వచ్చింది. బస్సులు లేవు. పండుగ మర్నాడు కొమురమ్మ స్టీలు డబ్బా కొంగు కింద దాచుకొని దుకాణంలోకి వచ్చింది. ఆమె భర్త లింగయ్య గనుల నుంచి బొగ్గు లాగే రైలింజను నడిపి రిటైరైనవాడు. ఎప్పుడో హైదరాబాదులో పాత సామాన్ల బజారులో జానెడంత ఇనుప ఇంజను ఒకటి దొరికితే కొనుక్కొచ్చాడు. కరెంటుతో నడిచే బొమ్మ. ఎక్కడి తయారీయో ఎవరికీ తెలియదు. ముందు గదిలో చెక్కపలక మీద పట్టాలు పరిచి రోజూ సాయంత్రం నడిపేవాడు. దాన్ని తుడవడానికైనా భార్యను ముట్టనిచ్చేవాడు కాదు. ఉద్యోగం అయిపోయాక ఆ మనిషి ముఖంలో వెలుగు కనిపించేది ఆ కాసేపే.

డబ్బా మూత తీస్తే ఇంజను పసుపు పచ్చగా ఉంది.

"ఏమైంది దీనికి, కామెర్లా?" అంది ఆపా.

కొమురమ్మ ఏడుపు గొంతుతో చెప్పింది. "ఆయుధపూజ గదా ఆపా. వాడకట్టుల అందరు బండ్లు కడిగి పూజ చేసుకున్నరు. మా ఆయన బిడ్డ దగ్గరికి గోలేటికి పోయిండు, బస్సులు లేక ఆడనే చిక్కుకున్నడు. ఇంట్ల ఇంజను పెట్టుకొని పూజ చెయ్యకుంటె ఎట్ల అని కడిగి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దీని మీద పోసిన. ఎండకు పెట్టినంక స్విచ్చి ఏస్తె టక్కుమని ఆగిపాయె. ఆయన వచ్చేలోపల చెయ్యాలె. ఆయనకు తెలువద్దు."

"బస్సులు ఎప్పుడు నడుస్తయో ఎవరికి తెల్వాలె?" అన్నాను.

"సమ్మె ఇంకో నాలుగొద్దులు సాగనియ్యి తల్లీ" అని కొమురమ్మ దండం పెట్టింది. ఊరంతా తెలంగాణ కోసం సమ్మె సాగాలని మొక్కుతుంటే ఆమె ఇంజను కోసం మొక్కింది.

విప్పి చూశాం. కొబ్బరినీళ్లు ఎండి బంకలా పళ్లచక్రాలను పట్టేశాయి. మోటారు బలంగా లాగేసరికి ఇరుసుకున్న చిన్న చక్రం పళ్లు రాలిపోయాయి. బొగ్గుముక్కల సందుల్లో పసుపు ముద్ద కట్టింది. మోటారును పాత దంతాల బ్రష్షుతో స్పిరిట్ పెట్టి తుడిచాను. పాడైన బొగ్గుముక్కల చోట పెట్టడానికి మిక్సీలో వేసే పెద్ద ముక్కను గరుకు కాగితం మీద అరగదీశాను. నల్లటి పొడి గోళ్లలోకి పోయి, అన్నం తినేటప్పుడు కూడా కనిపించేది.

కష్టమంతా చక్రంతోనే. అలాంటిది ఎక్కడ అమ్ముతారో తెలియదు, తెలిసినా వెళ్లడానికి దారి లేదు. ఆపా బట్టల సబ్బును కత్తితో పలచగా కోసింది. రాలిన చక్రానికి ఒక పక్క ఇంకా పళ్లు మిగిలి ఉన్నాయి. ఆ పక్కను సబ్బు మీద అదిమితే పళ్ల అచ్చు పడింది. తర్వాత తన డబ్బాల్లోని చక్రాలను ఒక్కొక్కటే ఆ అచ్చులో దొర్లించింది. గడియారాలవి కుదరలేదు. చివరికి ఎవరో వదిలేసిపోయిన టేప్‌రికార్డర్‌లోని తెల్ల చక్రం ఆ గాట్లలో చక్కగా కూర్చుంది. నడిమి రంధ్రం పెద్దదైతే పెన్నులోని ఇత్తడి రీఫిల్ ముక్కను కోసి అందులో దిగ్గొట్టాం.

"పళ్లు కలిసినయ్ గని చక్రం పెద్దగున్నది" అంది ఆపా. "ఇంజను జర మెల్లగ నడుస్తది. నడిపినోడు గుర్తు పడ్తడు."

కొమురమ్మ వచ్చేసరికి ఇంజను తయారుగా ఉంది. దాని పక్కనే పళ్లు రాలిన చక్రం, చిన్న గుడ్డలో మూటకట్టి.

"అది ఎందుకాపా? పారెయ్యి."

"నాది కాదు గదా, పారెయ్యనీకి."

"ఆయన చూస్తె నా పని ఖతం!"

నాకు కొమురమ్మ మీద జాలి కలిగింది. "ఒక్కసారికి వదిలెయ్యరాదు ఆపా, నీ రివాజు చల్లగుండ" అన్నాను. ఆపా మూటను డబ్బాలో పెట్టి మూత వేసింది. కొమురమ్మ డబ్బాను కొంగు కింద పెట్టుకొని వెళ్లిపోయింది.

బస్సులు నడిచిన రోజు ఆపా గిరాకీ ఉండగానే దుకాణం మూసింది. "బుర్ఖా తే. లింగయ్య వచ్చుంటడు" అంది. నేను వెంట నడిచాను.

మేము వెళ్లేసరికి లింగయ్య చెక్కపలక ముందు కూర్చుని ఉన్నాడు. ఇంజను ఒక చుట్టు తిరిగింది. ఆయన ముఖం ముడుచుకుంది. "దీని చాల్ మారింది, నడక మెల్లగైంది" అన్నాడు. కొమురమ్మ గోడకు అతుక్కుపోయి కూర్చుంది. నేను నోరు తెరవబోతే ఆపా నా మోచేయి గిల్లింది. వెళ్లి కొమురమ్మ పక్కన, భుజం తగిలేలా కూర్చుంది.

కొమురమ్మ మూట తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. "నేనే చేసిన. పూజ చేసిన. కొబ్బరినీళ్లు పోసిన."

"ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పిన!" అని అరిచి లింగయ్య బయటికి వెళ్లిపోయాడు. వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు. ఆపా లేవలేదు. "కొమురమ్మా, చాయ్ పెట్టు. బయటున్న తమ్మికి సుత పెట్టు" అంది. చాయ్ మరిగింది. ఆయన లోపలికి వచ్చి మూట విప్పాడు. పళ్లు రాలిన చక్రాన్ని వేలితో తడిమి, జేబులో వేసుకున్నాడు.

"ఆపా, ముందటి లెక్క ఉరకదా ఇగ?"

"ఉరకదు తమ్మీ. గాని నడుస్తది."

చాయ్ గ్లాసు దించి, భార్య వైపు చూడకుండానే అన్నాడు. "కాయ కొట్టినవ్ సరే. ప్రసాదం ఏది?"

కొమురమ్మ నవ్వలేదు, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు ఇంజను మళ్లీ నడపలేదాయన. తర్వాత్తర్వాత రోజూ నడిపాడని, కొమురమ్మను పక్కన కూర్చోబెట్టుకుని స్విచ్చి ఆమె చేతే వేయించాడని విన్నాను.

తిరిగొస్తూ దారిలో అడిగాను. "ఆ ముక్క పారేస్తె ఈ లొల్లంత ఉండకపోయేది గదా?"

"పారేస్తె ఆ బండి తిరిగినప్పుడల్ల కొమురమ్మ గుండె దడదడ కొట్టుకునేది."

"సరే, ముక్క ఇచ్చినవ్. నీ పని అయిపాయె. దుకాణం మూసుకొని ఎందుకు పోవాలె?"

ఆపా ఆగి నన్ను చూసింది. "ముక్క చేతిల పెట్టింది నేను. తిట్లు ఆమె ఒక్కతే తినాల్నా?"

ఆపా చివరి రోజుల్లో కరీంనగర్‌లో తమ్ముడింటికి వెళ్లి అక్కడే కన్నుమూసింది. నా నోరు ఆమె ఉన్నప్పుడూ కటువే, ఇప్పుడూ కటువే. ఇంట్లో ఎవరైనా తప్పు దాస్తే ఊరుకోను. కిందటేడు మా మనవరాలు బడిలో సైన్సు గదిలో గాజు సామాను పగలగొట్టి ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చింది. "రేపు పొద్దున్నే పోయి టీచరుకు నువ్వే చెప్పాలె" అన్నాను. రాత్రంతా బతిమాలింది, వినలేదు. పొద్దున అది గడప దిగేసరికి, చెప్పులు తొడుక్కుని నేను వాకిట్లో నిలబడి ఉన్నాను.