ఆడించే బొమ్మ

ఎనభైల్లో తిరువూరు బస్టాండులో పరిచయమైన ఒకాయన్ని బెజవాడ ఎగ్జిబిషన్‌లో చిత్తుగా ఓడించానని ఊరంతా చెప్పుకున్నాను.

ఆయన బెంచీ మీద కుదురుగా కూర్చోలేదు. హారను వినపడితే చాలు, లేచి నిలబడేవాడు. కొత్త బొమ్మ కోసం బెజవాడ వెళ్తున్నానన్నాడు.

"ఏ హాల్లో ఆడుతోందండీ?"

"ఆడేది కాదండి, మనం ఆడించేది! కార్టూను సినిమాలవాళ్లు గీసిన బొమ్మలంట. మీట తిప్పితే టీవీలో గెంతుతాయంట. ఇవాళే పెడుతున్నారు. ఇద్దరుండాలి, రాకూడదూ?" అంటూ గాలిలోనే మీట తిప్పి చూపించాడు.

నాకూ కాలు నిలవలేదు. పైకి మాత్రం, "కోతలు బాగా కోస్తున్నారే!" అన్నాను.

బస్సొచ్చింది. ఆయన కిటికీలోంచి పక్క సీటు తట్టి పిలిచాడు. నేను కదల్లేదు.

ఆడిందీ లేదు, ఓడించిందీ లేదు. కోతలు కోసింది నేనే. ఇప్పటికీ బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే నా వేళ్లు ఊరికే మీట తిప్పుతుంటాయి.